రాముడు అడిగి తీసుకున్న రసీదు



పగలు ఉద్యోగం, రాత్రి స్టార్టప్. మన పిల్లల్లో చాలామంది బతుకు ఇప్పుడు ఇదే. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగేదాకా ఫోన్‌లో సొంత యాప్ పని, ఆఫీసులో జీతం పని, ఇంటికొచ్చాక మళ్ళీ సొంత పని. "గురువుగారూ, ఇది తప్పా? రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమా?" అని అడుగుతున్నారు. దీనికి సమాధానం మన పాతబస్తీలోనే ఉంది.

హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి మీకు తెలుసు కదా. బోనాలప్పుడు అమ్మవారి ఘటం ఏనుగు మీద బయల్దేరే గుడి. ఆ పేరులోని అన్నదమ్ములు గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో మంత్రులు. ఆయన్నే మనం తానీషా అంటాం. వాళ్ళ మేనల్లుడే నేలకొండపల్లి కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు.

గోపన్నగారు సన్యాసి కాదండీ, ఉద్యోగి. పాల్వంచ పరగణాకి తహశీల్దారు. పొద్దున లేస్తే శిస్తు వసూళ్ళు, లెక్కలు, పైవాళ్ళకి జవాబు చెప్పుకోవడం. మనసులో మాత్రం ఒకటే కోరిక, భద్రాచలంలో రాముడికి గుడి కట్టాలి. జీతం ఒకచోట, కల ఇంకోచోట. అచ్చం మీలాగే!

ఉద్యోగం మానలేదు, కల మానలేదు. ఇక్కడిదాకా ఏ తప్పూ లేదు. చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. ఖజానాకి చేరాల్సిన శిస్తు సొమ్ము గుడికి ఖర్చయింది. ఆరు లక్షలని చెప్తారు. దాంతో గోల్కొండ కోటలో చెర, 12 ఏళ్ళని సంప్రదాయం. మేనమామలు మంత్రులై ఉండి కూడా అది తప్పలేదు. ఇప్పటికీ కోటకి వెళ్తే రామదాసు బందీఖానా చూపిస్తారు.

ఆ చెరలో పాడినదిగా చెప్పే ఒక కీర్తనలో ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంతయిందో రాముడికే ఏకరువు పెడతాడు. అంటే లెక్క పక్కాగా ఉంది. సొంతానికి ఏమీ తీసుకోలేదు. కానీ ఆ సొమ్ము తనది కాదు.

తర్వాత కథ మీకు తెలిసిందే. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదిలోకి వచ్చారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పారు. మొత్తం సొమ్ము కుప్పపోసి, రసీదు అడిగి తీసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రాముడు తలచుకుంటే జైలు గోడ కూలదా? "నా గుడికే కదా ఖర్చుపెట్టాడు" అనొచ్చు. తానీషా మనసు మార్చి మాఫీ చేయించొచ్చు. ఏదీ చెయ్యలేదు. బాకీ పూర్తిగా కట్టి, కాగితం రాయించుకున్నాడు. పని ఎంత పవిత్రమైనదైనా యజమాని సొమ్ము యజమానిదే అని దేవుడే ఒప్పుకున్నాడన్నమాట!

"మా కంపెనీకి కోట్లున్నాయి, నా రెండు గంటలతో ఏం పోతుంది?" అంటారు కొందరు. తానీషా ఏమైనా పేదవాడా? గోల్కొండ వజ్రాల ఖజానా అది. అయినా రాముడు ఒక్క నాణెం తగ్గించలేదు.

రామదాసుని తప్పుపట్టే అర్హత మనకి లేదు. ఆయన భక్తి ముందు మనమెంత? కానీ ఆయన బాకీ కట్టడానికి రాముడు వచ్చాడు. మన బాకీ మనమే కట్టుకోవాలి.

మరి ఈ రోజుల్లో శిస్తు సొమ్మంటే ఏంటి? ఆఫీసు టైము. ఆఫీసు లాప్‌టాప్. అక్కడ రాసిన కోడ్, అక్కడ తెలిసిన క్లయింట్ల వివరాలు. 2022లో విప్రో, పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. అదే ఏడాది ఇన్ఫోసిస్, మేనేజర్ అనుమతి ముందుగా తీసుకుంటే బయట పని చేసుకోవచ్చంది. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క మాట, అడగడం.

కాబట్టి మూడు నియమాలు పెట్టుకోండి.

మొదటిది, ఆఫర్ లెటర్ పూర్తిగా చదవండి. బయట పని గురించి, మీరు తయారుచేసినదాని హక్కుల గురించి ఏం రాశారో చూడండి. అనుమతి కావాలంటే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. అదే మీ రసీదు.

రెండోది, సొంత పనికి సొంత లాప్‌టాప్, సొంత మెయిల్, సొంత గంటలు. మీటింగ్‌లో కూర్చుని పక్క విండోలో స్టార్టప్ పని వద్దు.

మూడోది, ఒంటిని అప్పు అడగొద్దు. గీత 6వ అధ్యాయంలో కృష్ణుడు ధ్యానం గురించి చెప్తూ తిండికీ నిద్రకీ కూడా మితం చెప్పాడు. యోగికే అంత అవసరమైతే, రాత్రి రెండింటిదాకా కోడ్ రాసే మనకి అవసరం లేదా?

"అనుమతి ఇవ్వలేదు, ఇంట్లో ఈఎంఐ ఉంది, నాన్న రిటైరయ్యారు. ఏం చెయ్యను?" కష్టమే నాయనా. అప్పుడు కొన్నాళ్ళు ఆగు. ఖర్చు తగ్గించి డబ్బు దాచుకో, చదువుకో. లేదా ఒప్పుకునే కంపెనీ వెతుక్కో. ఆగడం ఓడిపోవడం కాదు, అదీ తపస్సే. దొంగచాటుగా కట్టింది ఎప్పుడు బయటపడుతుందోనన్న భయంలో మాత్రం నిద్రపట్టదు.

చివరగా ఒక మాట. బాకీ తీరాక అదే తానీషా భద్రాచల రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడని చెప్తారు. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ఆ ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది. లెక్క శుభ్రంగా ఉంటే, నిన్న జైల్లో పెట్టిన యజమానే రేపు మీ పనికి అక్షింతలు వేస్తాడు.

ఈ ఆదివారం ఆఫర్ లెటర్ తీసి చదవండి. హరిబౌలి వైపు వెళ్తే అమ్మవారికి దండం పెట్టుకుని రండి.

జై శ్రీరామ్!