మరియ కూర్చున్న చోటు

ధ్యాన భాగము: లూకా 10:38–42



బేతనియలోని యింటి కథ మనకు కొత్త కాదు. స్త్రీల కూడికలలో ఎన్నో మారులు విన్నాము. మార్త పనులతో తొందరపడుట, మరియ వాక్యము వినుట, ప్రభువు మార్తను మృదువుగా మందలించుట – ఇంతవరకు చెప్పి ముగింతుము. అయితే మరియ ఎక్కడ కూర్చుండెనో లూకా వ్రాసినది మనము గమనించుట తక్కువ. ఆమె ప్రభువు పాదములయొద్ద కూర్చుండెను. అపొస్తలుల కార్యములు 22:3లో పౌలు తాను గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చితినని చెప్పుకొనుచున్నాడు. గురువు పాదములయొద్ద కూర్చుండుట అనగా శిష్యరికము చేయుట. మన పిల్లలు పలక పట్టి బడిలో కూర్చున్నట్టే. సాధారణముగా ఆ చోటు మగవారిది. అక్కడ మరియ కూర్చుండగా ప్రభువు ఆమెను లెమ్మనలేదు. లేపవచ్చిన అక్కను లేపనియ్యలేదు.

మార్తను చిన్నచూపు చూడరాదు. ఆమె పొయ్యి రాజేయకపోయిన ఆ పూట అందరును పస్తే గదా! లాజరు చనిపోయిన దినములలో ప్రభువు నెదుర్కొనబోయి ఆయనే క్రీస్తని ఒప్పుకొన్నది ఈ మార్తయే (యోహాను 11:27). వంటయింట నుండియే ఆమెయు చెవి యొగ్గి వినుచుండెనని మాకు తోచుచున్నది.

మాడుగుల అనగానే పొరుగూరివారు హల్వా సంగతి అడుగుదురు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, వాటిని నిలువనిచ్చి, ఆ పిమ్మట నెయ్యి పోసి పొయ్యి మీద గంటల తరబడి కలుపవలెను. ఒక మిఠాయి కొరకు ఇంత ఓపిక పట్టు మనము, పదవ తరగతి ముగించిన ఆడపిల్ల విషయమై ఇంకొక రెండేండ్లు ఆగలేకపోవుచున్నాము. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు" అను మాట మన యిండ్లలోను వినబడుచున్నది. బాప్తిస్మము పొందినవారి నోట ఈ మాట వచ్చుటకు మేము సిగ్గుపడుచున్నాము. కాలేజీ దూరము, బస్సు ఖర్చు అందుము. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రపు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చినది గనుక ఆ సాకులలో ఒకటి తగ్గినది. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుషులలో నూటికి సుమారు 75 మంది, స్త్రీలలో 59 మంది మాత్రమే అక్షరాస్యులు. ఆ మిగిలినవారిలో మన తల్లులు ఎందరో.

స్త్రీ చదివినందున ఏమి కలుగునో చూడగోరువారు గుంటూరు చరిత్ర చూడవలెను. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అను అమెరికా లూథరన్ మిషనరీ 1883లో అక్కడికి వచ్చెను. ఆమెను పంపినవారు వైద్యసేవ ప్రారంభించుటకు మొదట సిద్ధముగా లేక, ఇండ్లలోని స్త్రీలకు బోధించు పనికి నియమించిరి. అయితే ఆ యిండ్లలోనే ఆమె చూచినదేమి? ప్రసవవేదనతో ఉన్న స్త్రీలు పురుష వైద్యుని ఎదుటికి రాలేక గోడల మధ్యనే నలిగిపోవుట. తరువాత ఆమె వైద్యమే చేసెను, ఆస్పత్రి కట్టించెను. 1930లో మరణించు వరకు ఆ సేవ విడువలేదు. ఒక తండ్రి తన కూతురును వైద్య విద్య చదువనిచ్చినందున గుంటూరులో ఎందరు తల్లులు బ్రదికిరో దేవునికే తెలియును. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1918లో స్త్రీల కొరకే వైద్య పాఠశాల తెరచిరి. పురుష విద్యార్థులకు ఆ ద్వారము 1947లో గాని తెరువబడలేదు.

ఇంకొక సంగతి కలదు. చెప్పినచో కొందరికి కోపము వచ్చును. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక క్రైస్తవుడు మరణించినయెడల, భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కొడుకులకును కూతుండ్లకును సమానము. హిందూ స్త్రీల విషయమై 1985లో మన రాష్ట్రములోను 2005లో దేశమంతటను చట్టము సవరింపకమునుపే మన కూతుండ్లకు ఈ హక్కు కలదు. మనలో దీనిని ఎరిగినవారెందరు? ఎరిగియు చెల్లెలికి చెప్పిన అన్నలెందరు? చదువురాని చెల్లెలు, అన్న చూపిన చోట వేలిముద్ర వేసి, చీర పుచ్చుకొని అత్తవారింటికి పోవును. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు – మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా – మోషే యెదుటను సమాజమంతటి యెదుటను నిలువబడి తండ్రి స్వాస్థ్యము అడిగిరి. వారు చెప్పినది న్యాయమేనని యెహోవా తీర్పు చెప్పెను (సంఖ్యాకాండము 27). అట్లు నిలువబడి మాటలాడుటకు నోరు కావలెను, కాగితములో ఏమున్నదో చదువ కన్నులు కావలెను. ఆ రెంటిని బడి ఇచ్చును.

కావున పదవ తరగతి ఫలితములు వచ్చిన తరువాతి ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట, తండ్రులు తమ కుమార్తెలతో కూడ ఆగవలెనని కోరుచున్నాము. మార్కుల కాగితము తెచ్చుకొనుడి. ఇంటర్మీడియట్‌లో చేర్చవచ్చునా, ఐటీఐ లేక పాలిటెక్నిక్ మంచిదా, నర్సింగు చదువు దారి యేది, హాస్టలు ఎక్కడ దొరుకును అను సంగతులు పెద్దలతో కలిసి మాటలాడుకొందము. డబ్బు చాలని యింటివారు సంకోచింపవద్దు. పంట కానుకలలో కొంత ఇందుకు తీసియుంచుట గూర్చియు ఆ దినముననే యోచింతము. సంబంధము కుదిరినది గనుక ఇక చదువు వద్దనువారును తప్పక రావలెను. ఆ మాట అక్కడనే, పిల్ల యెదుటనే, చెప్పుడి.