దేవునితో చెలిమి

మనలో చాలామందికి దేవుడు గుర్తుకు వచ్చేది అవసరం పడినప్పుడే. బిడ్డకు జ్వరం వస్తే నవదిన ప్రార్థన, పరీక్షలు దగ్గరపడితే కొవ్వొత్తి. అడగడం తప్పు కాదు. అయితే అవసరానికి మాత్రమే మన గడప తొక్కేవాణ్ణి మనం స్నేహితుడంటామా?

పవిత్ర గ్రంథం అబ్రహామును దేవుని స్నేహితుడని పిలుస్తున్నది (యాకోబు 2:23). ఆ స్నేహం ఎటువంటిదో ఆదికాండము 18వ అధ్యాయంలో చూడవచ్చు. సొదొమ నగరం కోసం ఆయన ప్రభువును వేడుకున్నాడు. యాభైమంది నీతిమంతులతో మొదలుపెట్టి పదిమంది వరకు, ఆరుసార్లు బతిమాలాడు. తాను దుమ్మూ బూడిదేనని ఒప్పుకుంటూనే ధైర్యంగా మాట్లాడాడు. చనువు భక్తికి అడ్డు రాలేదు. పైగా ఆయన అడిగింది తన కోసం కాదు.

ఆ పదిమందీ దొరకలేదు. మరునాడు వేకువనే అబ్రహాము, తాను ప్రభువు ఎదుట నిలిచిన చోటికే వెళ్ళి చూస్తే, సొదొమ నుండి పొగ లేస్తున్నది. అయినా ఆయన ప్రభువును విడిచిపోలేదు. ప్రభువు కూడా అబ్రహామును మరువలేదు. ఆయనను తలచుకొని లోతును ఆ నాశనం నుండి తప్పించాడు.

మన విశ్వాసానికి పరీక్ష ఇక్కడే. కోరింది దక్కని నాడు కూడా మనం ప్రార్థనకు కూర్చుంటామా? మనసులో కోపముంటే ఆ కోపమే ఆయనతో చెప్పండి. ఈ రాత్రి ఏ కోరికా లేకుండా పది నిమిషాలు ఆయన సన్నిధిలో గడపండి. పగలు జరిగినదంతా చెప్పి, తరువాత మౌనంగా ఉండండి. శిష్యులను సేవకులని కాక స్నేహితులని పిలిచిన క్రీస్తునాథుడు (యోహాను 15:15) మన మాట కోసం ఎదురుచూస్తున్నాడు.