దాచినది దక్కునా?



గృహనిర్వాహకత్వమును గూర్చి ఒక వ్యాసము వ్రాయమని సంపాదకులు కోరారు. కొన్నేళ్ళ క్రితమైతే ఈ అంశము మీద కాగితము చూడకుండా ముప్పావుగంట మాట్లాడేవాడిని. ఇప్పుడు ఆ మాట వినగానే వాక్యభాగములకంటె ముందు మా సంఘపు ఫొటో ప్రింటరు జ్ఞాపకము వస్తున్నది. కనుక దానిని గూర్చే వ్రాస్తాను. చిన్న విషయమని విసుగుకొనవద్దు.

మాది కోలారు బంగారు గనుల ప్రాంతము. ఇక్కడినుండి వెళ్ళి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబమొకటి 2022 క్రిస్మసుకు సంఘమునకు ఆరు రంగుల సిరాతో పనిచేసే ఫొటో ప్రింటరును కానుకగా ఇచ్చింది. పాత ఫొటోను దానిమీది అద్దము మీద పెట్టి పెద్దది చేసి తీయవచ్చు. మా పాత కుటుంబాలలో చాలామందికి తాతగారి ఫొటో అంటే గని కార్డు మీద ఉన్న తపాలాబిళ్ళంత ముఖమే. అందుచేత అందరూ సంతోషించారు. సంఘపెద్దలలో బడిపంతులుగా పనిచేసినవాడిని నేనే గనుక తాళంచెవి నాకు ఇచ్చారు.

ఆరు రంగులూ ఒక్కసారి మార్చవలసివస్తే మా సంఘములో రెండు ఆదివారముల కానుక పోతుంది. ఈ లెక్క నా మనసులో నాటుకొన్నది. ప్రింటరుకు గుడ్డ కప్పి, బీరువా ప్రక్కగదిలో పెట్టి తాళము వేశాను. కరెంటు వృథా కాకూడదని గోడమీది స్విచ్చి కట్టేశాను. సండేస్కూలు పిల్లలు క్రిస్మసు నాటకపు ఫొటో తలా ఒకటి అడిగితే, "ఇది ఆటవస్తువు కాదమ్మా, సంఘపు సొత్తు" అన్నాను. ఒక సహోదరి మనుమరాలి పుట్టినరోజుకు ఒక్కటే ఒక్కటి అడిగింది. ఆమెకు కూడ అదే జవాబు. సంఘ సమావేశములో "సిరా ఖర్చు: లేదు" అని చదివినప్పుడు నాకు లోపల కొంచెం గర్వముగానే ఉండేది. దాచనేల?

2023 ఆగస్టులో మా సంఘములో అందరికంటె పెద్దదైన సహోదరి ప్రభువునందు నిద్రించింది. ఉదయము పదిగంటలకు కుమారుడు ఒక చిన్న నలుపు తెలుపు ఫొటో పట్టుకొని వచ్చాడు. సాయంత్రము నాలుగుకు భూస్థాపన. "మాస్టారూ, అమ్మది ఇదొక్కటే ఉంది. పెట్టె ముందర పెట్టడానికి కాస్త పెద్దది చేసి ఇవ్వండి" అన్నాడు. గుడ్డ తీసి, స్విచ్చి వేసి, మంచి కాగితము పెట్టాను. ఆమె ముఖము ఆకుపచ్చగా వచ్చింది. నుదుటి మీద, చెంపల మీద అడ్డముగా తెల్లని గీతలు.

నలుపు తెలుపు ఫొటోకు రంగులతో పని ఏమిటని మీరడగవచ్చు. నేనూ అలాగే అనుకొన్నాను. మా ప్రింటరు ఫొటో కాగితము మీద బూడిద రంగును ఒక్క నలుపుతో వేయదు. ఎరుపు, నీలము, పసుపు సిరాలను కలిపి వేస్తుంది. అందులో ఎరుపు రాకపోతే మిగిలినవి ఆకుపచ్చకు తిరుగుతాయి. సిరాను కాగితము మీద చల్లే తలలో వెంట్రుకకంటె సన్నని రంధ్రములు వరుసలుగా ఉంటాయి. వాటిని నాజిళ్ళు అంటారు. సిరాలో ఎక్కువ భాగము నీరే. నీరు ఆరిపోతే రంగు ఆ రంధ్రములోనే గట్టిపడుతుంది. ప్రింటరును దాని బటను నొక్కి ఆపితే తల ఒక మూలకు వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, త్వరగా ఆరదు. మధ్యలో గోడ స్విచ్చి కట్టేస్తే తల ఎక్కడున్నది అక్కడే, మూత లేకుండా నిలిచిపోవచ్చు. నేను పొదుపు అనుకొని చేసినది అదే. ఎనిమిది నెలలు.

ఆ ఉదయము కంగారులో "హెడ్ క్లీనింగ్" అనే దానిని నొక్కాను. అది చేసే పని ఏమిటంటే, లోపలి పంపు నాజిళ్ళగుండా సిరాను బలముగా పీల్చి అడుగున ఉన్న స్పాంజి మెత్తలోకి వదులుతుంది. ఒకసారి నొక్కాను, లాభము లేదు. రెండు, మూడు, నాలుగుసార్లు నొక్కాను. ప్రతిసారీ ఆరు రంగులూ తగ్గిపోవడము తెరమీద కనబడుతూనే ఉంది. పిల్లలకు ఇవ్వని సిరా, ఆ మనుమరాలికి ఇవ్వని సిరా, ఒక్క కాగితము మీద పడకుండా స్పాంజిలోకి పోయింది. మూడు గంటలకు ఆ కుమారుడు వచ్చి నా ముఖము చూశాడు. "పర్లేదు మాస్టారూ, ఈ చిన్నదే పెట్టేద్దాం" అన్నాడు. పూలదండ వేస్తే ఆ ఫొటో దండలో కనబడలేదు.

ఇక ప్రశ్నకు వస్తాను. నేను చేసినది తప్పా? నేను దొంగిలించలేదు, దుబారా చేయలేదు. లెక్కల పుస్తకము ఎవరైనా చూడవచ్చు. సంఘపు సొత్తును కాపాడమన్నారు, కాపాడాను. మా కోశాధికారి సహోదరుడు కూడ నన్ను ఓదారుస్తూ, "అందరికీ తీసి ఇచ్చి ఉంటే సిరా అప్పటికే అయిపోయి ఉండేది గదా, ఫలితము అదే" అన్నాడు. ఈ మాటలో కొంత న్యాయము ఉన్నది. కాని రెండూ ఒకటి కావు. వాడుతూ వాడుతూ సిరా అయిపోతే అయిపోయిందని తెలుస్తుంది, కొనుక్కుంటాము. తాళము వేసినదాని సంగతి తాళము తీసేవరకు తెలియదు. నాకు ఎనిమిది నెలలు ఉన్నది సిరా కాదు, సిరా ఉన్నదనే నమ్మకము మాత్రమే.

మత్తయి సువార్త 25వ అధ్యాయములో తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని మీద నేను ఎన్నో ప్రసంగములు చేశాను. వాడు సోమరి అని ఖండించాను. ఈమధ్య మరల చదువుతుంటే ఒక సంగతి తట్టింది. వాడు యజమానునికి ఇచ్చినది ఇచ్చినట్లు తిరిగి అప్పగించగలిగాడు. లోహము గనుక మిగిలింది. నేను అదికూడ చేయలేకపోయాను. లోకములో కొన్ని బంగారము వంటివి, కొన్ని మన్నా వంటివి. మన్నాను మరునాటికి దాచుకొన్నవారికి ఏమి మిగిలిందో నిర్గమకాండము 16వ అధ్యాయములో చదివినవారికి తెలుసు. ఏది ఏ జాతిదో తెలిసికొనకుండా అన్నిటికీ ఒకే తాళము వేయడమే నా దోషమని ఇప్పుడు తలుస్తున్నాను.

ఈ ఊరివారికి బంగారము సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. భూమిలో ఎన్ని యుగములున్నా దానికి తుప్పు పట్టదు. గని సంగతి అలా కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతైన ఆ గనిలో పని జరిగినన్నాళ్ళు నీటిని పైకి తోడుతూనే ఉండేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పంపులు ఆగాక సొరంగాలలో నీరు నిండింది. గేటుకు తాళము వేసినంతమాత్రాన లోపలిది యథాస్థితిలో ఉండదు.

మరొక సంగతి వ్రాయనా, వద్దా అని ఆలోచించాను. వ్రాస్తున్నాను. మన భాష విషయములో కూడ నేను ఇదే పని చేశాను. ఇక్కడి పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు ఇంట్లోనూ గుడిలోనూ తప్ప లేదు. చాలా ఏళ్ళ క్రితము ఒక అమ్మాయి ఆరాధనలో వాక్యపఠనము చేస్తానని ముందుకు వచ్చింది. "ళ"లన్నీ "ల"లుగా చదివింది. నేను అందరి ఎదుట లేచి దిద్దాను. వాక్యమునకు అవమానము జరుగకూడదని నా ఉద్దేశము. ట్రైనింగు చదివిన పంతులును, పిల్లను ఎక్కడ దిద్దాలో, ఎక్కడ దిద్దకూడదో నాకు తెలియనిదా? ఆమె మరల పఠనమునకు రాలేదు. ఇప్పుడు ఆమెకు పిల్లలున్నారు. ఫోనులో కీర్తనలను ఇంగ్లీషు అక్షరాలతో చూసి పాడుతుంది. బీరువాలో మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములు అట్ట చెదరకుండా ఉన్నాయి.

భూస్థాపన అయిన రెండవ రోజు సెల్‌ఫోన్లు బాగుచేసే మా సంఘపు యువకుడొకడు వచ్చాడు. "తాతగారూ, ఇక క్లీనింగు నొక్కకండి. ఆ స్పాంజి నిండితే ప్రింటరు మొత్తానికే ఆగిపోతుంది" అన్నాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చాడు. మా బోరునీటిలో ఉప్పులెక్కువ, అది పనికిరాదట. తల మధ్యకు వచ్చినప్పుడు ప్లగ్గు తీసి, నూలుపోగులు రాలని గుడ్డను మడతపెట్టి, ఆ నీటితో తడిపి తల క్రింద పెట్టాడు. నీరు పైనున్న బోర్డుమీదికి పోకూడదన్నాడు. తలను మెల్లగా దానిమీదికి జరిపి రాత్రంతా వదిలేశాడు. గీకలేదు, నొక్కలేదు. ఉదయము గుడ్డ మీద ఎర్రని మరక ఉంది. పరీక్ష కాగితము తీస్తే ఎరుపు గీతలు సగము వచ్చాయి. మరొక రాత్రి అలాగే ఉంచాడు. మూడవనాటికి ఎరుపు పూర్తిగా వచ్చింది. నీలములో ఒక్క గీత రాలేదు, ఇప్పటికీ రాలేదు.

(సంఘములో ఇద్దరికి మాట పడకపోతే మనము ఆరోజే కూర్చోబెట్టి నాలుగుసార్లు సమాధానపరచ చూస్తాము. ఒక రాత్రి తడిగుడ్డ పెట్టి వదిలే ఓపిక నాకైతే ఎప్పుడూ లేదు.)

కొత్త సిరా నా చేతి డబ్బుతో కొన్నాను. జ్ఞాపకార్థ కూడికకు ఆ తల్లి ఫొటో పెద్దది చేసి, చట్రము కట్టించి, కుమారునికి ఇచ్చి క్షమాపణ అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఫొటో గోడకు తగిలించాడు. ఆయన నన్ను క్షమించాడనే నమ్ముతున్నాను. అయినా పెట్టె ముందర ఉండవలసిన పటము గోడమీద ఉన్నంతమాత్రాన ఆనాటి లోటు తీరిందని నేను అనుకొనడము లేదు.

ఇప్పుడు తాళంచెవి గదిలోనే మేకుకు వ్రేలాడుతుంది. ప్రతి శనివారము సాయంత్రము సండేస్కూలు పిల్లలలో ఒకరు ఆరు రంగులూ ఉన్న ఫొటో ఒకటి తీయాలి. నాజిళ్ళు ఆరకుండా ఉండడానికి వారమునకు ఆ ఒక్కటి చాలు. ప్రింటరును బటను నొక్కి ఆపడము కూడ పిల్లలే నేర్చుకొన్నారు. ఫొటో క్రింద పేరు తెలుగులో వ్రాయాలని మాత్రము నియమము పెట్టాను. పోయిన శనివారము ఒక పిల్లవాడు వాళ్ళ కుక్క ఫొటోను నిండు కాగితము మీద తీసి, క్రింద "మా రాజు గాడు" అని వంకర అక్షరాలతో వ్రాశాడు. ఆ కాగితము ఖరీదు నాకు తెలుసు. కొంచెం కోప్పడ్డాను. అక్షరములను మాత్రము దిద్దలేదు.