చదరంగపు గింజలు ఎవరి బుద్ధిలో ఉన్నాయి?

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. 64 రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్యకు ఇది ఒకటి తక్కువ. తెలుగులో తొలి గణితకర్తగా పేరున్న పావులూరి మల్లనదిగా చెప్పే పద్యం ఒకటి ఈ ఇరవై అంకెలనూ ఒకట్ల స్థానం నుంచి వరసగా చెబుతుంది. అందులో శరమంటే 5, శశి అంటే 1, వేదమంటే 4, గగనమంటే సున్న.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద హుజూర్‌నగర్, మిర్యాలగూడ మాగాణుల్లో పండే వడ్లతోనే ఈ గళ్లు నింపాలనుకుందాం. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగినా మొత్తం 36,900 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచమంతా ఏటా పండేది 80 కోట్ల టన్నుల దరిదాపు. సెకనుకొక గింజ చొప్పున లెక్కపెడితే 58,000 కోట్ల ఏళ్లు దాటుతుంది. 432 కోట్ల ఏళ్ల బ్రహ్మ పగళ్లు 135 గడిచినా లెక్క తెమలదు.

మరి ఎవరూ లెక్కపెట్టలేని సంఖ్య ఉన్నట్టా, లేనట్టా?

న్యాయ వైశేషికుల దృష్టిలో సంఖ్య ఒక గుణం. రెండు మొదలుకొని పై సంఖ్యలన్నీ ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని ఎంచే అపేక్షాబుద్ధి వల్ల పుడతాయి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సంఖ్య ఒకటి నుంచి పరార్ధం దాకా అన్నాడు. పరార్ధమంటే ఒకటి పక్కన 17 సున్నలు. చదరంగపు సంఖ్య అలాంటివి 184 దాటింది. సృష్టి మొదట్లో పరమాణువులను ఎంచడానికి మనుషులెవరూ లేరు కనుక వాటిలో సంఖ్యను పుట్టించే అపేక్షాబుద్ధి ఈశ్వరుడిదే కావాలని నైయాయికుడు ఉదయనుడు వాదించాడు. ఈశ్వరాస్తిత్వానికి ఆయన చూపిన హేతువుల్లో ఇదొకటి. ఎంతో లోతైన వాదం.

కానీ ఈ సంఖ్య గుణాలు ఎంచడం మీద ఆధారపడవు. 2ను 3తో భాగిస్తే శేషం 2, 4కు 1, 8కి 2, 16కు 1. సరి సంఖ్యలో రెండ్లను గుణించినప్పుడల్లా శేషం 1 వస్తుంది. 64 సరి సంఖ్యే. శేషంలోని ఆ ఒకటిని తీసేస్తే మిగిలేది సున్న. ఒక్క గింజ ముట్టకుండానే మొత్తం రాశి మూడు సమభాగాలవుతుందని తేలిపోయింది. న్యాయ పరిభాషలో ఇది ప్రత్యక్షం కాదు, అనుమానం. అయినా సందేహానికి తావులేదు.

ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417ల లబ్ధం. వీటిలో 641, 6700417లను గుణిస్తే 4,29,49,67,297. దాన్ని గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్నాడు. అది 641తో నిశ్శేషంగా భాగమవుతుందని మరో గణితవేత్త ఆయిలర్ 1732లో చూపాడు. అంతకుముందు ఆ సంగతి ఏ మనిషి బుద్ధిలోనూ లేదు. అయినా మల్లన కాలంలోనూ 641 ఈ సంఖ్యను భాగిస్తూనే ఉంది.

కాబట్టి ఉదయనుడి వాదం వస్తువులను ఎంచడానికి వర్తిస్తుంది గాని సంఖ్యలోని సత్యానికి కాదు. ఇంత పెద్ద సంఖ్య అనంతానికి దగ్గరైందనడమూ పొరపాటే. దీని తర్వాత వచ్చే సంఖ్యల వరస ఒకటి తర్వాత ఎంత ఉందో అంతే ఉంది.