కడుపుకు కత్తి, మనసుకు నిగ్రహం

"నోరు కట్టుకుంటే తగ్గేదానికి కత్తి ఎందుకు ఫాదర్?" అని అడిగేవారు ప్రతి విచారణలోనూ ఉంటారు. లావు తగ్గడానికి జీర్ణకోశాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషన్లు మన పట్టణాలకూ వచ్చాయి కనుక ఆ మాటను తోసిపుచ్చలేము. అందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. జబ్బులేని అవయవాన్ని కోయడం న్యాయమేనా? నిగ్రహంతో సాధించవలసినదాన్ని కత్తితో సాధించవచ్చునా?

అవయవం ఉన్నది మొత్తం శరీరం కొరకే గనుక, కుళ్ళిన అవయవాన్ని దేహక్షేమం కోసం తీసివేయవచ్చునని పునీత తోమాసు అక్వీనాసువారు బోధించారు. మరి కుళ్ళని అవయవం మాటేమిటి? 1953లో 12వ పియూస్ జగద్గురువులు మూత్రకోశ వైద్యులతో ప్రసంగిస్తూ ఈ సందేహానికి జవాబిచ్చారు. అవయవం బాగానే ఉన్నా, అది పనిచేయడం వల్ల దేహమంతటికీ తీవ్రమైన హాని కలుగుతుంటే, వేరే మార్గం లేకపోతే, తీయవచ్చును. కనుక ఇక అడగవలసింది వైద్యులను: హాని నిజమేనా? వేరే మార్గం లేదా?

హాని నిజమే. మితిమీరిన కొవ్వు షుగరును, రక్తపోటును పెంచుతుంది, రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పరిశీలనలో ఆపరేషన్ చేయించుకున్న 2010 మందిని, చేయించుకోని 2037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. 2012లో వెలువడిన లెక్క ప్రకారం గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించినవారు మొదటి గుంపులో 28 మంది, రెండవ గుంపులో 49 మంది. చీటీలు వేసి విభజించిన గుంపులు కావవి. ఆ మేరకు జాగ్రత్తగానే చదవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరే సంగతి. అమెరికాలో వాల్టర్ పోరీస్ అనే సర్జను, ఆయన సహచరులు 1995లో ఒక విషయం ప్రకటించారు. షుగరు వ్యాధి ఉన్న 146 మందిలో 121 మందికి ఆపరేషన్ తర్వాత చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. చాలామందిలో బరువు చెప్పుకోదగినంత తగ్గకముందే, రోజుల్లోనే వచ్చింది! ఆహారం పేగులో దారి మార్చుకోగానే హార్మోనులు మారాయన్నమాట. ఆకలి పుట్టించే హార్మోను ఒకటి ఎక్కువగా ఊరేది జీర్ణకోశం పైభాగంలోనే. పథ్యం చేసి సన్నబడితే అది పెరిగి మనిషిని మళ్ళీ కంచం వైపు లాగుతుంది. ఆ భాగాన్ని తీసేస్తే తగ్గుతుంది.

అంటే ఒకే కంచం ముందు కూర్చున్న ఇద్దరూ ఒకే పోరాటం చేయడం లేదు. తిండిపోతుతనం మూల పాపాలలో ఒకటన్నది నిజమే. కాని పాపానికి మనసు ఒప్పుకోలు కావాలి. ఒకరి నడుము కొలత చూసి ఆ ఒప్పుకోలును ఎవరు కొలవగలరు? కళ్ళజోడు పెట్టుకున్నవాడిని 'చూపుకు కష్టపడలేదు' అని మనం నిందించం.

అయితే కత్తి సద్గుణాన్ని ఇవ్వదు. ఆ స్వీడన్ పరిశీలనలోనే రెండేళ్ళకు నూటికి 72 మందికి షుగరు వదిలితే, పదేళ్ళ తర్వాత అలా ఉన్నవారు 36 మందే. దారి మళ్ళించే ఆపరేషన్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది. కొందరిలో అది వ్యసనమైంది. ఇనుము, బి12 వంటివి జీవితాంతం మాత్రల రూపంలో తీసుకోవాలి. ఆకలిని అణచే హార్మోనును పోలిన సూదిమందులు ఇప్పుడు వచ్చాయి గనుక, 'వేరే మార్గం లేదు' అనే షరతును ఒక్కొక్క రోగి విషయంలో మళ్ళీ తూచాలి. లక్షల ఖర్చుకు పొలం అమ్మే కుటుంబం మరింత నిదానంగా తూచాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. ఆపరేషన్ అయినవారు పండుగ విందులో నాలుగు ముద్దలు తిని లేస్తే, "ఇంకొక్క ముద్ద" అంటూ బలవంతాన వడ్డించకండి. వారికి వాంతి అవుతుంది. ఎందుకు తినలేదో నలుగురిలో వారిచేత చెప్పించకండి.