సంతకం పెట్టింది తనే

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 38 శాతం. రాష్ట్రంలో మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు.

ఒకప్పుడు ఇలా లేదు. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే అందులో ఎక్కువ భాగం మగవాళ్లవే. 1977లో జనం ఆ ప్రభుత్వాన్ని ఓడించారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు, బరువంతా స్త్రీల మీదికి మళ్లింది. బలవంతం పోయిందన్నారు. అది పోయినంత మాత్రాన ఇష్టం వచ్చినట్టేనా?

రెండో కాన్పుకి సిజేరియన్ అనగానే, "ఎలాగూ పొట్ట కోస్తున్నారు, పనిలో పని అదీ చేయించేద్దాం" అంటుంది అత్తగారు. పాతికేళ్లు నిండీ నిండని కోడలు నొప్పులు పడుతూనే కాగితం మీద సంతకం పెడుతుంది. తర్వాత ఎవరడిగినా "నేనే చేయించుకున్నా" అంటుంది. ఆ మాట అబద్ధం అనడం ఆమెను అవమానించడమే. పిల్లల ఫీజులూ ఇంటి ఖర్చులూ లెక్కేసుకున్నది ఆమే. అయినా లూప్ గురించి ఆమెకు నిదానంగా చెప్పినవాళ్లు లేరు. భర్త సంగతి ఎత్తితే "బరువులెత్తే మనిషి, ఆయనకెందుకు" అని ఆమే అడ్డుపడుతుంది. వేసెక్టమీకి పొట్ట కోయనక్కర్లేదు, మనిషి నీరసించడు. ఆ సంగతి ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఆమెది నిజమైన ఇష్టం కాదంటే ఆమె నిర్ణయాన్ని లాగేసుకున్నట్టు, నిజమైన ఇష్టమే అంటే చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులు దులుపుకున్నట్టు.

ప్రభుత్వం తీరు మరీ విచిత్రం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసింది. సంతాన రేటు 1.7కి పడిపోయాక, 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ లెక్కలో ఉన్నది జనాభాయే, ఆమె కాదు.

కానీ తప్పంతా ప్రభుత్వానిదే అనడం కూడా తప్పించుకోవడమే. ఆ సంతకం దగ్గర ప్రభుత్వం లేదు, ఇంటివాళ్లున్నారు. గర్భం ఆరో నెలలోనే ఇద్దరినీ కూర్చోబెట్టి అన్ని పద్ధతులూ చెప్పాలి, ఆపరేషనే కావాలంటే ముందు భర్తను అడగాలి. అది జరగనంతవరకు కాన్పు బల్ల మీది సంతకాన్ని పూర్తి సమ్మతి అనకూడదు.