కోరికల లిస్టుకి డెడ్‌లైన్ పెట్టొచ్చా?



మనలో చాలామందికి ఫోన్ నోట్స్‌లో ఒక లిస్టు ఉంటుంది. మంచి ప్యాకేజీ, ఆన్‌సైట్, పెళ్ళి, సొంత ఫ్లాట్, అమ్మానాన్నలకి కాశీయాత్ర. ఒక్కోదాని పక్కన ఒక సంవత్సరం కూడా రాసుకుంటాం. ఆ సంవత్సరం దాటిపోతే దేవుడి మీద అలుగుతాం. ఇంతకీ కోరికకి టైమ్ పెట్టడం మన చేతిలో ఉందా?

మాది నెల్లూరు దగ్గర తోటపల్లి గూడూరు. మా వైపు కోరికల లిస్టు అంటే ముందు గుర్తొచ్చేది రొట్టెల పండగ. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరుగుతుంది. హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా! పద్ధతి చాలా సింపుల్. ఏ కోరిక ఉందో ఆ కోరిక తీరినవాళ్ళ దగ్గర, నీళ్ళలో నిలబడి రొట్టె తీసుకోవాలి. మన కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఆ రొట్టె ఇవ్వాలి.

ఇందులో మూడు వేళలు ఉన్నాయి చూడండి. అడిగే వేళ, పండే వేళ, తిరిగి ఇచ్చే వేళ. మొదటిదీ చివరిదీ మనవి. మధ్యలోది మనది కాదు. మనమేమో ఆ మధ్యదానికే డెడ్‌లైన్ పెడుతున్నాం.

ముందు అడిగే వేళ సంగతి. మన ఇతిహాసాల్లో ఇద్దరు రాణులకి రెండేసి వరాలు దొరికాయి. యుద్ధంలో దశరథుడి ప్రాణం కాపాడినందుకు కైకేయికి వచ్చాయి. అప్పుడు అవసరం లేక దాచుకుంది. రాముడి పట్టాభిషేకానికి ఊరంతా ముస్తాబైన రాత్రి, మంథర మాట విని వాటిని బయటికి తీసింది. వరాలు న్యాయంగా వచ్చినవే. అడిగిన వేళే చెడ్డది, ఎందుకంటే ఆ కోరిక పుట్టింది అవసరంలోంచి కాదు, ఇంకొకరి శుభవార్త విన్నాక.

ద్రౌపదిని చూడండి. జూదసభలో ధృతరాష్ట్రుడు వరం కోరుకోమంటే, మొదట ధర్మరాజుని దాస్యం నుంచి విడిపించమంది. రెండోసారి మిగతా నలుగురినీ, వాళ్ళ ఆయుధాలతో సహా. మూడోది కూడా కోరుకోమంటే వద్దంది. అవసరం ఉన్నప్పుడు అడిగింది, అవసరం తీరగానే ఆపేసింది.

బ్యాచ్‌మేట్ గృహప్రవేశం ఫోటోలు చూసిన రాత్రి మన లిస్టులో కొత్త లైన్ పడిందంటే, అది ఎవరి కోరికో ఒకసారి ఆలోచించాలి.

ఇక పండే వేళ. గోదావరి జిల్లాల్లో జూలైలో నాట్లు పడుతుంటాయి. మా నెల్లూరు వైపు పెద్ద పంటకి అప్పుడు టైమ్ కాదు. మాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరులో వస్తుంది. అక్కడ నాట్లు అయిపోయాయని మా రైతు ఏడవడు. తన వాన వేరని అతనికి తెలుసు. పాతికేళ్ళకే సెటిలైన ఫ్రెండ్‌ది ఒక సీజను, మనది ఇంకో సీజను.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. “నీకింకా టైమ్ రాలేదు, నీలో ఏదో లోపం ఉంది” అని ఎదుటివాళ్ళకి చెప్పకండి. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు, వేళకి నారు పోసినవాళ్ళ పొలాలు కూడా మునిగాయి. అది వాళ్ళ తప్పా? పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న అక్కకి “అన్నీ మన మంచికే” అన్న మాట ఓదార్పు కాదు. కొన్ని కోరికలు అసలు తీరకపోవచ్చు. భక్తి ఉంటే అన్నీ టైమ్‌కి వచ్చేస్తాయని ఎవరైనా అంటే, అది భక్తి కాదు, బేరం.

మరి ఎదురుచూసేవాళ్ళకి మిగిలేదేంటి? నాకు రొట్టెల పండగలో నచ్చేది ఇదే. ఉద్యోగ రొట్టె పట్టుకొచ్చినవాడు ఒకప్పుడు అదే నీళ్ళలో ఖాళీ చేతులతో నిలబడినవాడే. తన పని అయిపోయిందని ఇంట్లో కూర్చోలేదు, వెతుక్కుంటూ వచ్చాడు. ఇచ్చేవాళ్ళు రాకపోతే అడిగేవాళ్ళకి రొట్టె లేదు.

మన లిస్టులో తీరిన కోరికలకి టిక్ పెట్టి కిందకి జరిగిపోతాం. ఆ టిక్కుల దగ్గరే కాస్త ఆగాలి. మీకు ఉద్యోగం వచ్చిందా? ఈ వారం ఒక జూనియర్ రెజ్యూమే చూసి పెట్టండి. అప్పు తీరిందా? ఒక పిల్లాడి ఫీజులో కొంత కట్టండి. ఆపరేషన్ అయి అమ్మ కోలుకుందా? హాస్పిటల్ వరండాలో ఒంటరిగా కూర్చున్నవాళ్ళకి ఒక పూట అన్నం తీసుకెళ్ళండి.

లిస్టు ఉంచుకోండి, తప్పు లేదు. డెడ్‌లైన్ మాత్రం తీరాల్సినవాటి పక్కన కాదు, తీరినవాటి పక్కన రాయండి. ఫలానా తేదీలోపు, ఫలానావాళ్ళకి, నా రొట్టె ఇస్తాను అని.

శుభమస్తు.